తక్కువ ఖర్చుతో కాస్‌ప్లే: ఫోమ్ కొనేముందు పాత న్యూస్‌పేపర్లు బయటికి తీయండి

మీరడిగింది ఇదీ: మొదటిసారి ఫ్యాన్ కన్వెన్షన్‌కి, అంటే అభిమానులంతా కలిసే సభకి, కాస్‌ప్లే చేసి (ఇష్టమైన పాత్ర వేషం వేసుకుని) వెళ్తున్నారు, చేతిలో ఎనిమిది వారాలున్నాయి. ఛాతీ కవచం, భుజకవచాలు, పొడవాటి అంగీ, వెండిరంగు జుట్టు, చేతిలో కత్తి ఉన్న యోధుడి పాత్ర వేయాలనుకుంటున్నారు. ఇంట్లో కుట్టు మిషన్ ఉంది గానీ మీకు తిన్నగా ఒక కుట్టు వేయడం తప్ప ఇంకేమీ రాదు. రెడీమేడ్ సెట్ కొనేంత డబ్బు లేదు. "ఏమేం కొనాలో లిస్టు ఇవ్వండి" అన్నారు. లిస్టు వస్తుంది, కానీ మొదటి రెండు వారాలు దాదాపు ఏమీ కొనొద్దు.

నేను పదకొండేళ్లుగా కాస్ట్యూములు ఇంట్లోనే చేసుకుంటున్నాను. నా డబ్బు ఎక్కడ పోయిందని ఒకసారి కూర్చుని లెక్కేస్తే, ఖరీదైన సామాను కొని పోగొట్టుకున్నది తక్కువే. తప్పుగా కోసేసి అదే సామాను మళ్లీ కొన్నదే ఎక్కువ. నా మొట్టమొదటి ఛాతీ కవచం మెత్తటి ఫోమ్ షీట్లతో మూడుసార్లు చేశాను. మొదటిసారి పల్చటి టీషర్టు మీద కొలతలు తీసుకున్నాను. తీరా లోపల వేసుకోవాల్సిన అంగీ దుప్పటంత మందం, కవచం వీపు దగ్గర నాలుగు వేళ్ల వెడల్పున కలవనేలేదు. రెండోసారి చంక దగ్గర కోత తక్కువ పెట్టాను, చెయ్యెత్తితే చాలు కవచం పైకి లేచి గడ్డానికి కొట్టుకునేది. మూడోది సరిపోయింది. ఒక కవచానికి మూడు కవచాల ఫోమ్ కొన్నానన్నమాట. ఆ రెండు పొరపాట్లూ న్యూస్‌పేపర్ మీద చేసి ఉంటే పైసా పోయేది కాదు.

అందుకే ముందు బొమ్మలు చూడండి. మీ పాత్ర ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి కనిపించే బొమ్మలు దొరికినన్ని పోగేయండి. అందరూ ముందువైపు బొమ్మ ఒక్కటే పెట్టుకుని మొదలుపెడతారు, నడుము పట్టీ వెనక ఎలా కట్టాలో తెలియక చివరి రాత్రి తల పట్టుకుంటారు. బొమ్మలు దగ్గర పెట్టుకుని ఒక్కో భాగం కాగితం మీద రాయండి. ఇంట్లో ఉన్నవేవి, ఉన్నవాటిని కొంచెం మార్చి వాడుకోగలిగేవేవి, మొదటినుంచీ చేయాల్సినవేవి అని చూడండి. నల్ల ప్యాంటు, బెల్టు, బూట్లు, లోపలి చొక్కా లాంటివి మీ ఇంట్లోనో, స్నేహితుల ఇంట్లోనో ఉంటాయి. రాసుకున్నది సగమైనా అక్కడే తీరిపోతుంది.

మిగిలిన వాటిలో శ్రమంతా ఎక్కడ పెట్టాలో నా అభిప్రాయం చెప్తాను. చూసేవాళ్ల కళ్లు ముందు మొహం మీద, జుట్టు మీద, తర్వాత భుజాల మీద పడతాయి. జనంలో తీసే ఫోటోలు ఎక్కువగా నడుము పైనే ఉంటాయి. కాబట్టి విగ్గు, భుజకవచాలు, ఛాతీ కవచం పైభాగం, ఈ మూడింటి మీదే మీ సమయమూ డబ్బూ పెట్టండి. మోకాలి కింద కవచం లేకపోతే అడిగేవాళ్లెవరూ ఉండరు, అడిగినా ఒకరిద్దరు. వాళ్లూ మీలాగే కాస్ట్యూములు చేసేవాళ్లు కాబట్టి అర్థం చేసుకుంటారు.

ఇంట్లో చేసిందని చిన్నతనంగా ఉంటుందేమో అని కూడా రాశారు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌కి ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్ కాలపు మనుషుల్లా తయారై వెళ్లారు. ఇద్దరి దుస్తులూ కుట్టింది డగ్లసే. అభిమానుల కాస్ట్యూముల చరిత్ర ఎవరు చెప్పినా దాదాపు అక్కడి నుంచే మొదలుపెడతారు, ఆ మొదలే ఇంటి కుట్టు. చిన్నతనం మాట పక్కన పెట్టి పనిలోకి దిగుదాం.

ఒంటి మీదే ప్యాటర్న్

ప్యాటర్న్ అంటే ఏ ముక్క ఏ ఆకారంలో కోయాలో చూపించే నమూనా. దాన్ని తీయడానికి పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. కన్వెన్షన్ రోజు కవచం లోపల ఏం వేసుకుంటారో అదే వేసుకోండి. అంగీ ఇంకా తయారు కాలేదు కాబట్టి అంత మందం ఉన్న చొక్కా ఏదైనా సరే. దాని మీద ఛాతీకీ వీపుకీ వంటింట్లో వాడే ప్లాస్టిక్ ర్యాప్ రెండు చుట్లు వదులుగా చుట్టించుకోండి. ఆ పైన మాస్కింగ్ టేప్‌ని చిన్న చిన్న ముక్కలుగా, ఒకదాని అంచు మీద ఇంకోటి పడేలా అతికించమనండి. పొడవాటి ముక్కలు లాగి అతికిస్తే ఒళ్లు బిగుసుకుపోయి కొలత తగ్గిపోతుంది. టేప్ వేసేటప్పుడు గుండెల నిండా గాలి పీల్చి వదులుతూ ఉండండి. ఊపిరి బిగబట్టి నిలబడితే ఆ కవచం ఊపిరి బిగబట్టినంతసేపే సరిపోతుంది.

ఇప్పుడు మార్కర్‌తో గొంతు గుంట నుంచి బొడ్డు దాకా మధ్య గీత గీయించుకోండి. తర్వాత పక్క గీతలు, చంక గుండ్రం, మెడ గుండ్రం. వాటి మీద కవచం అతుకులు ఎక్కడెక్కడ రావాలో గీయండి. ప్రతి అతుకు గీతకీ అడ్డంగా, నాలుగు వేళ్లకొకటి చొప్పున చిన్న గీతలు పెట్టండి. తర్వాత రెండు ముక్కలు కలిపేటప్పుడు ఏది ఎక్కడ కలవాలో చెప్పేది ఆ అడ్డగీతలే. ఇవి లేకపోతే వంపు ఉన్న రెండు అంచులు కలుపుతూ పోయి, చివరికి ఒకటి రెండంగుళాలు మిగిలిపోతే బుర్ర గోక్కోవాల్సిందే. గీతలయ్యాక మొద్దు మొన ఉన్న కత్తెరతో వీపు వైపు నుంచి కోయించుకోండి. కోసేవాళ్లు రెండో చేత్తో ర్యాప్‌ని ఒంటి నుంచి దూరంగా లాగి పట్టుకోవాలి.

బయటికి వచ్చిన తొడుగులో ఎడమ సగమో కుడి సగమో ఒకటే తీసుకోండి. మన ఒళ్లు రెండువైపులా అచ్చంగా ఒకేలా ఉండదు, కవచం మాత్రం ఉండాలి. ఆ సగాన్ని గీతల వెంట కోసి నేల మీద పరవండి. ఎక్కడ ఉబ్బి పైకి లేస్తుందో అక్కడ అంచు నుంచి లోపలికి ఒక కోత పెడితే చదునుగా పడుకుంటుంది, ఆ కోత 'వి' ఆకారంలో విచ్చుకుంటుంది. ఫోమ్‌లో ఆ 'వి' ముక్కని తీసేసి అంచులు కలిపితే అదే ఉబ్బు తిరిగి వస్తుంది. దీన్ని న్యూస్‌పేపర్ మీదికి ఎక్కించి, రెండో సగం తిప్పి గీసి, చివరికి పల్చటి అట్ట మీద కోసి టేప్‌తో అతికించి తొడుక్కోండి.

ఆ అట్ట కవచంతో ఇంట్లో తిరగండి. కుర్చీలో కూర్చోండి, రెండు చేతులూ పైకెత్తండి, కింద పడ్డ కర్చీఫ్ తీయండి, ఒకసారి తుమ్మండి. కూర్చుంటే కింది అంచు తొడలకి తగిలి కవచం పైకి తోసుకొస్తుంటే ఆ అంచు పొట్టి చేయాలి. నూటికి తొంభై మంది ఇక్కడే దిద్దుకోవాల్సి వస్తుంది. అట్ట మీద దిద్దుకుంటే కత్తెరా టేపూ చాలు.

ఫోమ్ మందాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అట్టకి మందం లేదు, ఫోమ్‌కి ఉంది. 10 మిల్లీమీటర్ల ఫోమ్‌ని ఒంటి చుట్టూ తిప్పితే బయటి చుట్టుకొలత లోపలి దానికంటే 6 సెంటీమీటర్లకి పైగా ఎక్కువ ఉంటుంది. వంగినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. అందుకే ఒంటి మీద తీసిన ప్యాటర్న్‌కి చుట్టుకొలతలో సుమారు 3 సెంటీమీటర్లు కలపండి. మొత్తం ఒక్క చోటే కలపొద్దు, పక్క అతుకులకి పంచండి.

ఇప్పుడు ఫోమ్

ఈవీఏ ఫోమ్ అని అడగండి. పిల్లల గదుల్లోనూ జిమ్‌ల్లోనూ ముక్కలు ముక్కలుగా కలిపి పరిచే మెత్తటి మ్యాట్లు చాలావరకు ఇవే. సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, కాస్‌ప్లే కోసమని అమ్మే షీట్ల కన్నా చవగ్గా వస్తాయి. ఒకవైపు గరుకుగా డిజైన్ ఉంటుంది, ఆ వైపు లోపలికి పెట్టండి. ఛాతీకి ఇది బాగుంటుంది. భుజాలకి 5 లేదా 6 మిల్లీమీటర్లది, అంచుల మీద అలంకారానికి 2 మిల్లీమీటర్లది చాలు. వేడికి మెత్తబడే థర్మోప్లాస్టిక్ షీట్లు వాడమని ఎవరో ఒకరు చెప్తారు. మంచి సామానే, ఖరీదు కూడా అంతే మంచిది. మొదటి కాస్ట్యూముకి అవసరం లేదు.

కోయడానికి మొన విరుచుకునే కటర్ తీసుకోండి. ఫోమ్ మెత్తగా కనిపిస్తుంది గానీ బ్లేడు పదునుని ఇట్టే తినేస్తుంది. రెండు మూడు పొడవాటి కోతలు కాగానే మొన విరిచేయండి. అంచు కొరికినట్టు పీచుపీచుగా వస్తోందంటే బ్లేడు మొద్దుబారిందని అర్థం. ఒక్క కోతకే కిందిదాకా దించాలని చూడొద్దు, రెండు మూడు సార్లు అదే గీత మీద పోనివ్వండి. చదునుగా కలవాల్సిన అంచులకి బ్లేడు నిటారుగా ఉండాలి. మూలలా తిరగాల్సిన చోట రెండు అంచుల్నీ ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీలకి కోస్తే పదునైన మూల వస్తుంది. ముందు పనికిరాని ముక్క మీద ఒక పావుగంట చెయ్యి తిప్పండి.

అతికించడానికి చెప్పులూ బూట్లూ బాగుచేసేవాళ్లు వాడే సొల్యూషన్ లాంటి కాంటాక్ట్ జిగురు వాడండి. రెండు అంచులకీ పల్చగా రాసి, వేలితో ముట్టుకుంటే అంటుకోనంతగా ఆరనివ్వాలి. దానికి ఐదు పది నిమిషాలు పడుతుంది, డబ్బా మీద ఎంతని ఉందో చూసుకోండి. తడిగా ఉన్నప్పుడే కలిపేస్తే పట్టదు. ఆరాక కలిపితే మళ్లీ ఊడదు, జరపడానికీ వీల్లేదు. అందుకే అడ్డగీతలు చూసుకుంటూ, ఒక చివర నుంచి కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ రండి. ఈ జిగురు ఆవిరి మంచిది కాదు, మంట కూడా అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, వీలైతే ఆరుబయట కూర్చుని చేయండి. దగ్గర్లో దీపం గానీ పొయ్యి గానీ ఉండకూడదు.

హాట్ గ్లూ గన్ ఉంది, దాంతో అయిపోదా అన్నారు. చిన్న చిన్న అలంకారాలకి అవుతుంది. బరువు మోసే అతుకులకి నమ్మొద్దు. నా రెండో కన్వెన్షన్‌లో మిట్టమధ్యాహ్నం ఎండలో క్యూలో నిలబడి ఉండగా ఎడమ భుజకవచం మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. చెయ్యి పెట్టి చూస్తే గ్లూ నమిలి ఉమ్మేసిన బబుల్‌గమ్‌లా సాగుతోంది. లోపలికి వెళ్లేసరికి కవచం చంకలో ఉంది, మిగతా రోజంతా నల్ల టేప్‌తోనే గడిచింది. వేడితో కరిగించి పెట్టిన జిగురు వేడికే మళ్లీ మెత్తబడుతుంది.

ముక్కలు అతికాక హీట్ గన్‌తో (బాగా వేడిగాలి ఊదే పనిముట్టు) పైభాగమంతా ఒకసారి కాచాలి. ఒకే చోట నిలపకుండా ఇస్త్రీపెట్టెలా తిప్పుతూ ఉంటే మెరుపు లేకుండా ఉన్న ఫోమ్ మీద సన్నగా మెరుపు వస్తుంది. సన్నటి రంధ్రాలు మూసుకుపోయాయని అదే గుర్తు, ఇక రంగు పీల్చుకోదు. అలా వేడిగా ఉన్నప్పుడే బోర్లించిన గిన్నె మీదో మీ మోకాలి మీదో పెట్టి (మందపాటి ప్యాంటు ఉండాలి సుమా) వంచి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు నిలిచిపోతుంది. భుజకవచానికి గిన్నెని మించిన అచ్చు లేదు. హెయిర్ డ్రయర్‌తో పల్చటి ఫోమ్‌ని కాస్త వంచొచ్చు గానీ పైభాగం మూసుకునేంత వేడి రాదు. హీట్ గన్ కొనొద్దు, ఎవరి దగ్గరైనా ఒక్కరోజుకి అడిగి తెచ్చుకోండి. ముక్కలన్నీ సిద్ధం చేసుకుని ఒకే పూట కాచేయొచ్చు. గరుకు కాగితంతో అంచులు రుద్దేటప్పుడు మాత్రం ముక్కుకి మాస్క్ ఉండాలి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఫోమ్ కూడా అందుబాటులో లేకపోతే అట్టపెట్టెలతో నిక్షేపంగా చేయొచ్చు. పెట్టె అట్టలో లోపల అలలు అలలుగా ఒక పొర ఉంటుంది. ఆ అలల గీతల వెంట వంచితే గుండ్రంగా తిరుగుతుంది, అడ్డంగా వంచితే మడత విరుగుతుంది. ఇంకా మెత్తటి వంపు కావాలంటే ఒకవైపు కాగితం పొరని నీళ్లు చిలకరించి ఊడదీయండి. పైన తెల్ల జిగురులో నీళ్లు కలిపి పల్చటి కాగితం ముక్కలు రెండు మూడు పొరలు అతికిస్తే గట్టిపడుతుంది. దీనికి శత్రువు చెమట. లోపలివైపు కూడా జిగురు పూసి ఆరబెట్టండి.

థర్మాకోల్ గురించి ఒక హెచ్చరిక. దాంతో హెల్మెట్ చెక్కి, మూడు రాత్రులు గరుకు కాగితంతో నున్నగా చేసి, నాలుగో రోజు పొద్దున్నే బయట పెట్టి వెండిరంగు స్ప్రే కొట్టాను. ముందు చిటపటమని సన్నగా శబ్దం వచ్చింది. తర్వాత నుదురు దగ్గర చిన్న చిన్న గుంటలు పడ్డాయి, గుంటలు కలిసిపోయి కళ్ల ముందే ముక్కు లోపలికి కూరుకుపోయింది. స్ప్రే పెయింట్‌లోనూ కాంటాక్ట్ జిగురులోనూ ఉండే ద్రావకాలు థర్మాకోల్‌ని కరిగించేస్తాయి. దాని మీద ముందు తెల్ల జిగురు పొరలు నిండుగా వేసి, నీళ్లలో కలిసే రంగు బ్రష్‌తోనే వేయాలి.

రంగు వేసేటప్పుడు తొందరపడొద్దు

కాచిన ఫోమ్ మీద నేరుగా రంగు వేస్తే వంగినప్పుడు పొరలుగా లేస్తుంది. రబ్బరులా సాగే ప్రైమర్ స్ప్రేలు దొరుకుతాయి, అవి మేలు. డబ్బులు చూసుకోవాలంటే తెల్ల జిగురులో కొంచెం నీళ్లు కలిపి మూడు నాలుగు పొరలు, ఒకటి ఆరాక ఇంకోటి వేయండి. మందంగా ఒకేసారి పూస్తే చారలు పడి, వంగే చోట పగుళ్లు వస్తాయి. దాని మీద అక్రిలిక్ రంగు. మొత్తానికీ ముందు నలుపే వేయండి, వెండి తర్వాత.

ఫోమ్‌ని లోహంలా మార్చేది ఆ తర్వాతి అరగంట పని. పాత బ్రష్ ఒకటి వెండిరంగులో ముంచి, కాగితం మీద రుద్ది రుద్ది దాదాపు ఏమీ లేదనిపించేదాకా తుడిచేయండి. ఆ పొడి బ్రష్‌తో కవచం మీద, ముఖ్యంగా అంచుల మీద, తేలిగ్గా ఇటూ అటూ దువ్వినట్టు పోనివ్వండి. మొదటి పది సార్లు ఏమీ కనిపించదు, ఇదేమిట్రా అనిపిస్తుంది. పదిహేనోసారికి అంచు ఇనుములా మెరవడం మొదలుపెడుతుంది, గుంటల్లో నలుపు అలాగే ఉండిపోతుంది. చివర నలుపూ గోధుమరంగూ బాగా నీళ్లు కలిపి పూసి వెంటనే గుడ్డతో తుడిచేయండి, సందుల్లో మురికి పట్టినట్టు నిలుస్తుంది. నిజంగా యుద్ధంలో ఏది ఎక్కడ రాసుకుంటుందో ఆలోచించి గీతలు పెట్టండి. ఎడాపెడా మరకలు పెడితే నూనె షెడ్డులో పనిచేసి వచ్చినట్టుంటుంది. మధ్యమధ్య గోడకి ఆనించి మూడు మీటర్ల దూరం నుంచి ఫోన్‌లో ఫోటో తీసి చూసుకోండి. దగ్గర్నుంచి మిమ్మల్ని ఏడిపించే గీతలు ఆ ఫోటోలో కనపడకపోతే వదిలేయండి.

కవచాన్ని ఒంటికి కట్టడం గురించి మీరు అడగలేదు, ఎవరూ అడగరు. భుజకవచాల్ని అంగీకి కుట్టొద్దు, బరువుకి అంగీ మెడ జారిపోతుంది. లోపల భుజాల మీదుగా రెండు వెడల్పాటి పట్టీలు వేసుకుని వాటికి తగిలించండి. పక్కల్లో బకిల్స్ గానీ వెడల్పాటి ఎలాస్టిక్ గానీ పెట్టండి. వెల్క్రో అయితే అతికించి ఊరుకోకుండా పట్టీకి కుట్టేయండి. ఆ హడావుడిలో సూపర్ గ్లూ నూలు గుడ్డ మీద ఒలకబోసుకోకండి. నూలు తగలగానే ఆ జిగురు భగ్గుమన్నంతగా వేడెక్కుతుంది, చర్మం కాలుతుంది.

అంగీ, విగ్గు, మిగతావి

తిన్నటి కుట్టు వస్తే చాలు, అంగీ అయిపోతుంది. మీకు వదులుగా ఉండే చొక్కాని పరిచి, దాని చుట్టూ నాలుగు వేళ్లు వదిలి, కింద కావలసిన పొడవు కలిపి ఇంగ్లీషు 'టి' ఆకారంలో గీస్తే అదే ప్యాటర్న్. గుడ్డ కొనక్కర్లేదు, పాత దుప్పట్లూ కర్టెన్లూ చూడండి. కర్టెన్ గుడ్డ బరువుగా ఉంటుంది కాబట్టి అంగీ కింద అంచు హుందాగా వాలుతుంది. నూలు గుడ్డైతే కోసేముందు ఒకసారి ఉతికి ఆరేయండి, ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది. మీ కుట్టు ఎంత వంకరగా ఉన్నా, ప్రతి అతుకునీ కుట్టిన వెంటనే ఇస్త్రీ చేస్తే టైలర్ కుట్టినట్టు కూర్చుంటుంది. కింది అంచు నేలకి 5 సెంటీమీటర్లు పైన ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు వెనకాల వచ్చేవాళ్లు తొక్కుతారు.

రంగు అద్దాలనుకుంటే ముందు గుడ్డ నుంచి రెండు దారప్పోగులు లాగి, సింకులో పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు, మామూలు రంగులు పడతాయి. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్, దానికి వేరే రంగు తీసుకుని మరిగే నీళ్లలో అద్దాలి. మొదటి కాస్ట్యూముకి ఆ గొడవెందుకు, కావాల్సిన రంగు గుడ్డే వెతుక్కోండి.

విగ్గు విషయంలో మాత్రం నేను పిసినారితనం చేయను. వేడికి తట్టుకునే ఫైబర్ అని రాసి ఉన్నది, ఒత్తుగా ఉన్నది తీసుకోండి. చవక విగ్గు లోపల కుట్లు కనిపిస్తాయి, మొహమంతా చేసిన కష్టం దాంతో పోతుంది. వెండిరంగు విగ్గులు కొత్తలో బొమ్మ జుట్టులా మరీ మెరుస్తాయి. కొంచెం టాల్కమ్ పౌడర్ చల్లి దులిపితే మెరుపు తగ్గుతుంది. పొడవాటి విగ్గుని ఎప్పుడూ కొసల నుంచి పైకి దువ్వాలి. బట్టలకి వాడే ఫ్యాబ్రిక్ కండిషనర్ కొంచెం నీళ్లలో కలిపి స్ప్రే చేస్తే చిక్కు విడుతుంది. నుదుటి జుట్టు కత్తిరించాలంటే విగ్గు తల మీద పెట్టుకునే, కత్తెర నిలువుగా పట్టుకుని, కావాల్సినదానికంటే ఒక వేలు పొడవు వదిలి కోయండి. విగ్గు జుట్టు మళ్లీ పెరగదు.

కత్తి మొదలుపెట్టకముందే ఆ కన్వెన్షన్ నిబంధనలు చదవండి. చాలాచోట్ల లోహపు కత్తులు అసలు రానివ్వరు, పొడవుకి పరిమితి ఉంటుంది, లోపలికి వెళ్లేటప్పుడు తనిఖీ చేసి ట్యాగ్ కడతారు. లోపల సన్నటి ప్లాస్టిక్ పైపు, పైన రెండు ఫోమ్ ముక్కలు, అంతే కత్తి. దారిలో సంచిలో పెట్టుకుని తీసుకెళ్లండి, దూరం నుంచి చూసేవాళ్లకి అది ఫోమ్ అని తెలియదు.

ఛాతీ మధ్యలో మణి వెలగాలి అన్నారుగా. దానికి చిన్న ఎల్ఈడీ, గుండ్రటి బ్యాటరీ చాలు. పవర్ బ్యాంకుకి తగిలిస్తే, అంత తక్కువ కరెంటుకి ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. మొహానికి రంగులు వేసుకుంటే చర్మానికి వాడేవే వాడండి, ముందురోజు మణికట్టు మీద కొంచెం రాసి చూసుకోండి. కవచానికి కొన్న అక్రిలిక్ రంగు మొహానికి పనికిరాదు. రంగు లెన్సులు కావాలంటే కంటి డాక్టర్‌కి చూపించుకుని తీసుకోండి, ఇంకొకరివి పెట్టుకోవద్దు. బూట్లు మీకు అలవాటైన పాతవే. పైన గుడ్డ తొడుగు కుట్టుకుంటే కొత్త బూట్లెవరికీ అక్కర్లేదు.

వారాల లెక్క చెప్పమంటే, రెండు వారాలు బొమ్మలూ ప్యాటర్నూ అట్ట కవచమూ. తర్వాత మూడు వారాలు ఫోమ్. ఆరో వారం అంగీ, ఏడో వారం రంగులూ పట్టీలూ. ఎనిమిదో వారంలో ఏమీ చేయకూడదు. చేయకుండా ఉండలేరనుకోండి, అయినా అలాగే అనుకుని మొదలుపెట్టండి, అది ఆలస్యాలకి వదిలిన జాగా. ఆ వారంలో ఒకరోజు మొత్తం వేసుకుని రెండు గంటలు ఇంట్లో ఉండండి. నీళ్లు తాగండి, మెట్లు దిగండి, కార్లోనో ఆటోలోనో కూర్చుని చూడండి. ముఖ్యంగా ఎవరి సాయం లేకుండా బాత్రూమ్‌కి వెళ్లి రాగలరో లేదో చూసుకోండి. నేనొకసారి అది చూసుకోకుండా వెళ్లి, దాహమేసినా నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా ఉండి తలనొప్పితో ఇంటికొచ్చాను. సంచిలో పిన్నీసులు, సూదీ దారం, నల్ల టేపు, సూపర్ గ్లూ, ఒక జత మామూలు చెప్పులు పడేసుకోండి.

కొనాల్సినవి ఇవే: మాస్కింగ్ టేపు, ప్లాస్టిక్ ర్యాప్, కటర్ బ్లేడ్లు, ఫోమ్ మ్యాట్లు, కాంటాక్ట్ జిగురు, తెల్ల జిగురు, నలుపూ వెండీ గోధుమా అక్రిలిక్ రంగులు, పట్టీలూ బకిల్సూ, విగ్గు. విగ్గు ఇంటికి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి దాన్నొక్కటే ఇప్పుడే ఆర్డర్ పెట్టండి. మొదటి రెండు వారాల్లో టేపూ ర్యాపూ కాకుండా కొనేది అదొక్కటే. అట్ట కవచం తయారయ్యాక వేసుకుని ముందు నుంచి, పక్క నుంచి, చేతులెత్తి ఒకటి, కూర్చుని ఒకటి, నాలుగు ఫోటోలు ఇక్కడే పెట్టండి. చంక దగ్గర ఎంత తీయాలో చూసి చెప్తాను, ఆ తర్వాతే ఫోమ్‌కి కటర్ తగిలించండి.